ఆఖరి షికార్, 1357 ఫస్లీ

మా పాత ఇంటి దాలాన్‌లో గోడకి ఒక జత కొమ్ములు ఉండేవి. మెలితిరిగి, మూరెడు పైనే పొడుగు. ఒకదానికి అబ్బా టోపీ, రెండోదానికి ఇంటి తాళంచెవులు వేలాడేవి. అవి దుప్పివి కావు, ఇర్రివి. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. ఇర్రివి బతికినంతకాలం అలాగే ఉంటాయి. ఉర్దూలో కాలా హిరన్, పుస్తకాల తెలుగులో కృష్ణజింక. ఉర్దూ మీడియం బడిలో ఒక పేరు, తెలుగు డిగ్రీలో ఇంకో పేరు నేర్చుకున్నాను. ఇర్రి అనే మాట మాత్రం మా ఊరి రైతుల దగ్గరే విన్నాను.

హైదరాబాద్ రియాసత్‌లో షికార్ అనగానే అందరికీ యాదికొచ్చేవి రాజా దీన్‌దయాళ్ తీసిన తస్వీర్లు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఆయన ముందు పడి ఉన్న పులి. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండకి వచ్చి పులిని కొట్టినప్పటి ఫొటో కూడా ఉంది. ఏనుగులు, డేరాలు, ఖాన్‌సామాలు. మా షికార్ అది కాదు. దానికి తస్వీర్ లేదు. మెదక్ జిల్లాలో ఒక చిన్న ఊరు, మా దాదా, ఆయన ఇద్దరు తమ్ముళ్లు, ముగ్గురికీ కలిపి ఒక్కటే తుపాకీ. గొట్టంలో బారూద్ దట్టించి కాల్చే రకం. ఒకసారి పేలాక మళ్లీ నింపేలోపు మంద ఊరు దాటిపోయేది.

రియాసత్‌లో అప్పుడు ఫస్లీ కేలండర్ నడిచేది. ఆజుర్ నెలతో, అంటే అక్టోబర్‌లో కొత్త సంవత్సరం. బహ్మన్, ఇస్ఫందార్ నెలలొస్తే, అంటే డిసెంబర్, జనవరిలో, జొన్న, శనగ చేన్ల మీద ఇర్రులు పడేవి. రాత్రికి రాత్రి చేను సాఫ్. "ఖాన్ సాబ్, జర రాండి" అని రైతులే వచ్చి పిలిచేవాళ్లు. మావాళ్లు బండ్లు కట్టుకుని, ఆడవాళ్లూ పిల్లలతో సహా పోయి, చెరువు పక్కన మామిడితోటలో ఎనిమిది, పది రోజులు దిగేవాళ్లు. దాదీమాకి ఏడాది మొత్తంలో పర్దా కాస్త సడలే రోజులు అవే. బహుశా అందుకేనేమో, మగవాళ్లకన్నా ఆమే ఎక్కువ మురిపెంగా చెప్పేది.

హాంకా వేసేది పక్క తండా లంబాడీలు. డప్పులు, కేకలతో మందని తుపాకీ వైపు తోలేవాళ్లు. పడ్డ జంతువుకి హిస్సాలు ఖరారై ఉండేవి. తండాకి ఒక సగం, చేను రైతుకి ఒక తొడ, మిగతాది మాకు. ఊళ్లో మాంసం తినేవాళ్లు జబహ్ చేసిందే కావాలనేవాళ్లు. తెలంగాణ పల్లెల్లో మేకని కోయడానికి ముల్లాని పిలిచే రివాజ్ అందరికీ తెలిసిందే. తోలు మాత్రం పంతులుగారు ముందే చెప్పి పెట్టుకునేవారు. కృష్ణాజినం కదా, జపానికి ఆసనం. నీల్‌గాయ్ కనబడితే దాదా తుపాకీ దించేసేవారు. మనుబోతు మాంసం మనకి హలాలే, కానీ పేరులో గాయ్ ఉంది, పొరుగువాళ్ల దిల్ నొచ్చుకుంటుందని. మిగిలిన మాంసాన్ని దాదీమా ఉప్పు, పసుపు పట్టించి తీగల మీద ఎండేసేది. ఆ సూఖా గోష్త్ అంబాడాతో, అంటే గోంగూరతో, ఎండాకాలం దాకా వచ్చేది.

అబ్బాది ఉరికే పని. గుండు తగిలి పడ్డ జంతువుని జాన్ ఉండగానే బిస్మిల్లా చెప్పి జబహ్ చేయాలి. గుండుదెబ్బకే చచ్చిపోతే అది హలాల్ కాదంటారు మా హనఫీ ఉలమాల్లో ఎక్కువమంది. అందుకని ఛురీ పట్టుకుని ఒకడు ముందు ఉరకాలి. 1357 ఫస్లీ బహ్మన్‌లో, అంటే 1947 డిసెంబర్‌లో, అబ్బాకి తొమ్మిదేళ్లు. అందరికన్నా ముందు చేరాడు. ఛోటే దాదా వచ్చేదాకా ఆగక్కర్లేదు, కోయడం ఎలాగో వచ్చు. కానీ ఇర్రి తల తిప్పి చూసిందట. అబ్బా ఛురీ పట్టుకుని నిలబడిపోయాడు. ఛోటే దాదా చేరేలోపు జాన్ పోయింది. మాకు హరామ్. తండావాళ్లు మొత్తం ఎత్తుకుపోయారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఉస్తాద్ 'ఆహూ-చష్మ్' అంటే లేడికళ్లది అని మాషూకా వర్ణన చెప్పారు. ఇంటికొచ్చి అబ్బాకి వినిపించాను. జవాబివ్వలేదు. ఇర్రి సంగతి చెప్పింది చాలా ఏళ్ల తర్వాత.

ఆ షికార్ తర్వాత ఇంకోటి లేదు. 1948 సెప్టెంబర్ 13న ఇండియన్ యూనియన్ ఫౌజు రియాసత్‌లోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మా ఊళ్లో ఏం జరిగిందో ఇంకోసారి రాస్తాను. ఇక్కడికి చాలినంత ఇదీ: హాంకా వేసిన తండావాళ్లే మావాళ్లని పదకొండు రోజులు తమ గుడిసెల్లో దాచారు. తర్వాత తుపాకులు జమా చేయమన్నారు. దాదా తనది ఠాణాలో ఇచ్చి వచ్చారు. కొమ్ములు మిగిలాయి.

మా తుపాకీ పోయింది కాబట్టి ఇర్రులు బతికాయనుకుంటే పొరపాటు. ఆజాదీ తర్వాత జీపులొచ్చాయి, రాత్రిపూట కళ్లలోకి లైటు కొట్టి కాల్చడం వచ్చింది. బంజర్లు చేన్లయ్యాయి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చేనాటికి మా చెరువు చుట్టుపక్కల ఒక్క ఇర్రి లేదని అబ్బా అనేవారు. ఆ చట్టంలో కూడా కొన్ని జంతువులకి షికార్ లైసెన్సులు మిగిలాయి. అవి పోయింది 1991 సవరణతో.

నన్ను తికమక పెట్టేది వేరే విషయం. జింకలు ఎక్కడ మిగిలాయి? నిజాం షికార్‌గాహ్‌లలో. మాలాంటివాళ్లని లోపలికి రానివ్వని చోట. మా జిల్లాలో పోచారం అలాంటిదే, 1952లో అభయారణ్యమైంది. హైదరాబాద్ పక్కన వనస్థలిపురంలో నిజాం వేటమైదానమే 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరమని ఆ పేరు. ఒక్కడి షౌక్ కోసం కాపలా కాసిన అడవి నిలిచింది. హిస్సాలేసుకుని, అన్ని కులాలూ ఒక దస్తర్‌ఖాన్‌లా పంచుకున్న మైదానం ఇప్పుడు పత్తిచేను. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు. నవాబులకి సలామ్ కొట్టే ఆదత్ నాకు లేదు. కానీ నిజం అదే. అలాగని మావాళ్లు పెద్ద బేకసూర్లు కూడా కాదు. సూలు ఇర్రుల్ని వదిలేసేవాళ్లమని దాదీమా అనేది కానీ, పొగమంచులో ఏది సూలో ఎవరు చూశారు?

2014లో కొత్త తెలంగాణ జింకని రాష్ట్ర జంతువు చేసుకుంది. ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక ఉండనే ఉంది. నారాయణపేట వైపు రైతులు మాత్రం ఇర్రులు చేను మేస్తున్నాయని ఇప్పటికీ మొత్తుకుంటారు. వార్త కోసం వెళ్లినప్పుడు ఒకాయన అడిగాడు, "పిలిస్తే ఎవరన్నా వస్తరా సార్?" అని. ఎవరూ రారు. వస్తే జైలే.

ఆ ఏడాదే అబ్బాని పోచారం తీసుకెళ్లాను. కంచె అవతల చుక్కల దుప్పులు, కొన్ని ఇర్రులు. ఒక మగ ఇర్రి దగ్గరిదాకా వచ్చింది. పిల్లలు ఆకులు చూపిస్తే మెడ చాపింది. అబ్బా చాలాసేపు చూశారు.

"యే హిర్నాఁ నైఁ రే, బక్రియాఁ హోగయే" అన్నారు. ఇవి జింకలు కాదురా, మేకలైపోయాయి.

తిరిగొచ్చేటప్పుడు తోవలో చాయ్ దగ్గర ఆగాం. చక్కెర వద్దని చెప్పినా రెండు చెంచాలు వేయించుకున్నారు.