టంకపు కసటు

రాగితీగలను టంకముతో అతుకునప్పుడు, కరగిన తగరము రాగిని పట్టుకొనవలెనన్న, దానిమీది ఆక్సైడు పొరను ముందుగా హరింపవలెను. ఆ కార్యమునకై పూసెడి ఫ్లక్స్, పని ముగిసిన పిదప అతుకుమీదనే కసటుగా నిలిచిపోవును. అతుకు నేర్పును కొనియాడినవారు పెక్కురు గలరు గాని, ఆ కసటును కడిగినవారి శ్రమను తలచినవారు అరుదు.

మన కంసాలులు వెలిగారముతో నగనతికి, గాజువలె బిగిసిన దాని శేషమును చింతపండు పులుసులో మరిగించి వదలించెడివారు. వారికది నగ మెరుగునకు సంబంధించిన విషయము. పందొమ్మిదవ శతాబ్దమున టెలిగ్రాఫు తీగలు వ్యాపించుటతో ఆ కసటు ప్రమాదహేతువైనది. రేకుపనివారు వాడు జింకు క్లోరైడు తీగల అతుకులో చిక్కుకొనెనా, గాలిలోని తేమను పీల్చి, రాగిని పచ్చని చిలుముగా మార్చుచు క్రమముగా తినివేయును. అందుచే విద్యుత్కర్మకారులు రోజిన్ నాశ్రయించిరి. సరళవృక్షముల జిగురునుండి టర్పెంటైను తైలమును బట్టీపట్టగా మిగులు పదార్థమిది. ఇందు ప్రధానమైన అబియెటిక్ ఆమ్లము వేడికి కరగినప్పుడు మాత్రమే ఆక్సైడుపై పనిచేసి, చల్లారినంతనే గట్టిపడి నిర్వ్యాపారమగును. పైగా విద్యుత్తును ప్రవహింపనీయదు. ఈ పనికి ఇంతకన్న ఉచితమైన ద్రవ్యమును ప్రకృతి ప్రసాదింపలేదని నా విశ్వాసము.

అయినను, సర్క్యూటు బోర్డులు కర్మాగారములలో వేలకొలది తయారగు కాలమున రోజిన్ మందగమనము చాలదని, అందు హాలైడు లవణములను కలిపిరి. అవి చల్లారినను శాంతింపవు గనుక కడుగుట అనివార్యమైనది. ఆ పనికి సి.ఎఫ్.సి.-113 అను ద్రావకము లభించినది: మండదు, ప్లాస్టిక్కును పెద్దగా చెరుపదు, సుమారు 48 డిగ్రీల సెల్సియస్‌కే మరిగి ఆవిరియగును. ఆ యావిరి ఎచటికేగునని చిరకాలము ఎవ్వరును విచారింపలేదు. ఈ జాతి పదార్థములు ఊర్ధ్వాకాశమున క్లోరినును విడిచి ఓజోనును నశింపజేయునని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రవేత్తలు హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికాపై ఓజోను క్షీణత వెల్లడియైనది. 1987 సెప్టెంబరు 16న, ఇట్టి పదార్థములను నియంత్రించు మాంట్రియల్ ఒడంబడికపై సంతకములు జరిగినవి. అతుకుమీది జిడ్డును వదలించుటకై వాడినది ఆకాశమునకే చేటు తెచ్చుట ఎంతటి ఘోరము!

పారిశ్రామిక దేశములు 1995 చివరినాటికి ఆ ద్రావకముల ఉత్పత్తిని దాదాపుగా విడిచిపెట్టినవి. నారింజతొక్కల తైలమునందలి టెర్పీనులతో కొందరు, నీటితో కొందరు కడుగసాగిరి. తక్కిన పెక్కురు, కడుగకున్నను హానిచేయని స్వల్పశేషపు ఫ్లక్స్‌లను స్వీకరించిరి. అయితే ప్రాణములు ఆధారపడు విమాన, వైద్యపరికరములయందు నేటికిని కడుగుట సామాన్యము. చేతిపనివారు ఐసోప్రొపైల్ ఆల్కహాలున ముంచిన కుంచెతో అతుకును రుద్ది, కరగిన జిడ్డు ఆరకమునుపే పొడిగుడ్డతో అద్దివేయుదురు. అట్లుచేయనిచో అది కొట్టుకొనిపోక, పలుచనిపొరగా పరచుకొని మరల ఎండిపోవును.