ఎవరికి ఆందోళనకరం?

పటాన్‌చెరు కాలుష్యం మీద ఏ నివేదిక తిరగేసినా ఒక ఇంగ్లీషు విశేషణం ఎదురవుతుంది: అలార్మింగ్. నీళ్లలో విషాల స్థాయి అలార్మింగ్, భూగర్భజలాల పరిస్థితి అలార్మింగ్. మన పత్రికలు దాన్ని ‘ఆందోళనకరం’ అని తెలుగు చేస్తాయి.

ఆ మాట పుట్టింది ఇటలీ సైనికుల కేకలోంచి. ‘ఆయుధాలందుకోండి’ అని దానర్థం. కేక కాస్తా నామవాచకమై, క్రియై, విశేషణమయ్యేసరికి అరిచినవాళ్లూ లేరు, లేచి పరుగెత్తాల్సినవాళ్లూ లేరు. ‘స్థాయి’ పక్కన ఒదిగి కూర్చుంది.

మన ‘ఆందోళన’ అంత సాధువు కాదు. సంస్కృతంలో దాని మూలార్థం ఊగడం. మనసు ఊగితే దిగులు, జనం కదిలితే ఉద్యమం. ‘రైతుల ఆందోళన’ అన్న శీర్షిక చూస్తే వాళ్లు బాధపడుతున్నారో, బైఠాయించారో కింద వార్త చదివితేగాని తెలియదు! పటాన్‌చెరులో రెండూ జరిగాయి. నక్కవాగు వెంట పొలాలూ బావులూ పాడైపోయాక 1990లో గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. నష్టపరిహారాన్ని ఎకరాల లెక్కన కట్టారు. పట్టా ఎవరి పేరునుంటుందో మనకు తెలియందేముంది? ఆ పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి బతికిన ఆడకూలీలు ఎకరాల లెక్కలో ఎక్కడ ఇముడుతారు?

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటకొచ్చే నీటి మీద ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే కేంద్రమది. శుద్ధి అయిన నీటిలోనే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. కొన్ని బాక్టీరియాలను చంపడానికి సరిపోయే మోతాదుకు ఇది వెయ్యి రెట్లు పైమాటే. అప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. మందుకు లొంగని సూక్ష్మజీవులు విమానాలెక్కి ఏ దేశానికైనా పోగలవు కదా! బిందె పట్టుకుని మంచినీళ్ల కోసం తిరిగిన ఆడవాళ్ల భయం అంత దూరం ప్రయాణించలేదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే ‘క్రిటికల్’, 60కీ 70కీ మధ్య ఉంటే ‘సివియర్’. పటాన్‌చెరు–బొల్లారానికి వచ్చినవి 70.07. విశేషణం మారింది ఆ 0.07 వల్ల. కొత్త పరిశ్రమల మీద ఆంక్షలు పెట్టారు, తర్వాత సడలించారు.

మా వైపు ఆడవాళ్లు ‘ఆందోళనకరం’ అనరు, ‘బుగులైతుంది’ అంటారు. ఈ మాటకు మనిషి కావాలి. ‘నాకు బుగులైతుంది’, ‘పోరికి బుగులైతుంది’. ‘నీళ్ల స్థాయి బుగులు’ అని ఎవరూ అనలేరు, వ్యాకరణమే ఒప్పుకోదు. ఎవరికి అన్న ప్రశ్నను ఇంగ్లీషు విశేషణం సులువుగా దాటేస్తుంది. దాన్ని అనువదిస్తూ మనమూ దాటేస్తున్నాం.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన వలస కూలీలు. గుర్తుపట్టరాని దేహాలకు డీఎన్‌ఏ పరీక్షలు జరిగే దాకా అయినవాళ్లు రోజుల తరబడి ఎదురుచూశారు. ఆ బుగులు హిందీలో, ఒడియాలో, భోజ్‌పురిలో పలికింది. నివేదికలు మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లీషులో వచ్చాయి.