ఆహారం ముట్టని పెంపుడు పాము: కారణాలు, తినిపించే పద్ధతులు

పుట్టకు మ్రొక్కే సంప్రదాయం మనది. కార్తీక శుద్ధ చవితినాడు ఆంధ్ర, ఒడిశా సరిహద్దు గ్రామాలలోను, శ్రావణ శుద్ధ పంచమినాడు కర్ణాటక, మహారాష్ట్రలలోని తెలుగు ఇండ్లలోను నాగదేవతకు పాలు పోయడం తరతరాలుగా వస్తున్న ఆచారం. అయితే పామును గాజుపెట్టెలో ఉంచి పెంచుకోవడం మన గ్రామాల అలవాటు కాదు. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో మాత్రం అది దశాబ్దాలుగా సాగుతున్న అభిరుచి. చదువుల కొరకో, ఉద్యోగాల కొరకో అక్కడ స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కూడా ఆ అభిరుచికి లోను కావచ్చు. అట్టి ఇండ్లలో తరచుగా తలెత్తే ప్రశ్న ఒక్కటే: పాము ఎందుకు తినడం లేదు? తినిపించడం ఎలా?

ఈ ప్రశ్నకు అనుభవజ్ఞులైన పెంపకందారులు, పశువైద్యులు చెప్పే సమాధానం క్లుప్తమైనది. పాము మొండితనంతో తిండి మానదు. వెచ్చదనంలోనో, దాగుకొనే చోటులోనో, పెట్టిన ఆహారంలోనో, దాని ఆరోగ్యంలోనో ఉన్న లోపాన్ని ఆ నిరాకరణ తెలుపుతుంది. లోపాన్ని సవరిస్తే తిండి సంగతి చాలావరకు అదే చక్కబడుతుంది.

ఉపవాసం పాముకు కొత్త కాదు

పాము మనవలె శరీరంలో వేడిని పుట్టించుకొనే జీవి కాదు. ఎండ నుండి, నేల నుండి వేడిని గ్రహించి బ్రతుకుతుంది. అందువలన దానికి ఆహారపు అవసరం మిక్కిలి తక్కువ. కొండచిలువ జాతులలో భోజనానికి, భోజనానికి నడుమ ప్రేగులు కుంచించుకొనిపోతాయి. ఎరను మ్రింగిన తరువాత ప్రేగులు, కాలేయం పెరిగి, జీర్ణక్రియ వేగం అనేక రెట్లు హెచ్చుతుంది. అది ముగియగానే అవయవాలు తిరిగి చిన్నవవుతాయి. ఈ ఏర్పాటు ఉన్నందువల్లనే ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము కొన్ని నెలలు తినకపోయినా చెక్కుచెదరదు.

విదేశాలలో ఎక్కువగా పెంచే పాములలో ఒకటి బాల్ పైథాన్. బ్రిటన్‌లో దీనిని రాయల్ పైథాన్ అంటారు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలు దీని జన్మభూమి. భయపడినప్పుడు తలను నడుమ దాచుకొని బంతివలె చుట్టుకుంటుంది కనుక ఆ పేరు వచ్చింది. సాధారణంగా మూడు నుండి అయిదు అడుగుల పొడవు పెరుగుతుంది. తిండి మానడంలో ఇది పేరు మోసిన జాతి కావున, ఈ వ్యాసంలోని అంకెలను ప్రధానంగా దీనిని దృష్టిలో ఉంచుకొని ఇస్తున్నాము.

సహజమైన కారణాలు

మొదటిది కుబుసం. కుబుసం విడిచే ముందు పాము కన్నులు నీలివన్నెతో మసకబారుతాయి, ఒంటి రంగు వెలవెలబోతుంది. ఆ రోజులలో అనేక పాములు ఆహారం ముట్టవు. కుబుసం విడిచిన కొద్ది రోజులకు తామే ఎర కొరకు వెదకుతాయి.

రెండవది సంతానకాలం. ఎదిగిన మగ బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకపోవడం సామాన్యం. గుడ్లు మోస్తున్న ఆడపాములు, గుడ్లను చుట్టుకొని కాపాడే ఆడపాములు కూడా అంతే.

మూడవది స్థలం మారడం. దుకాణం నుండి ఇంటికి వచ్చిన పాము మొదటి దినాలలో తినకపోవడం వింత కాదు. కనీసం వారం, పది దినాలు దానిని చేతిలోకి తీసుకొనకుండా, నీరు మాత్రం మార్చుతూ విడిచిపెట్టాలి.

ముందుగా సరిచూడవలసినవి

పాము తిననప్పుడు ఎర సంగతి తరువాత, పెట్టె సంగతి ముందు చూడాలి.

వేడి: పెట్టెలో ఒక ప్రక్క 31 నుండి 33 డిగ్రీల సెల్సియస్, రెండవ ప్రక్క 25 నుండి 27 డిగ్రీలు ఉండాలి. పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది. వేడి చాలకపోతే జీర్ణం కాదు. జీర్ణం కాదని పాము శరీరానికి తెలుసు గనుక అది తినదు. అంచనాతో సరిపెట్టుకొనక థర్మామీటరుతో కొలవాలి. వేడి పలకకు థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకపోతే పాము పొట్ట కాలే ప్రమాదం ఉంది.

తేమ: 60 శాతం పరిసరాలలో ఉండాలి. నీటిగిన్నె ఎల్లవేళలా నిండుగా ఉండాలి.

దాగుకొనే చోటు: ఇది అన్నిటికంటె ఎక్కువగా మరచే విషయం. ఆఫ్రికాలో ఈ పాము పగలంతా ఎలుకబొరియలలోను, చెదపుట్టలలోను గడుపుతుంది. నాలుగు ప్రక్కలా గాజు ఉండి, దాగే వీలు లేని పెట్టెలో అది నిత్యం శత్రుభయంతో ఉంటుంది. శరీరమంతా ఇమిడి, వీపు పైకప్పుకు తగిలేంత ఇరుకైన గూళ్ళు రెండు, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి ఉంచాలి. గాజుకు మూడు వైపులా కాగితం అంటించినా మేలే. అనేక సందర్భాలలో ఈ ఒక్క మార్పుతోనే పాము తిరిగి తినడం మొదలుపెడుతుంది.

ఎరను అందించే పద్ధతి

కొండచిలువ జాతి పాములు చూపుకంటె వాసనను, వేడిని నమ్ముకుంటాయి. నాలుకతో గాలిలోని వాసనను అంగిట్లోని ఇంద్రియానికి చేరవేస్తాయి. పెదవులపై ఉన్న గుంటలతో ఎర శరీరపు వేడిని పసికడతాయి. కావున చల్లని చచ్చిన ఎలుక బాల్ పైథాన్‌కు ఆహారంగా తోచదు.

విదేశాలలో గడ్డకట్టించిన ఎలుకలు దుకాణాలలో దొరుకుతాయి. వానిని రాత్రంతా రిఫ్రిజిరేటరులో ఉంచి కరగనివ్వాలి. తరువాత సంచిలో వేసి వేడినీటిలో ముంచి, బ్రతికున్న ఎలుక ఒంటి వేడికి, అంటే 38 డిగ్రీల దరిదాపులకు తేవాలి. మైక్రోవేవ్‌లో పెట్టరాదు. ఎలుక పాము నడుమంత లావుగానో, కొంచెం తక్కువగానో ఉండాలి. పెద్ద ఎర పెడితే ఆకలి తీరుతుందనుకోవడం పొరపాటు. జంకి వెనుకకు తగ్గే పాములే ఎక్కువ.

సంధ్య చీకటి పడిన తరువాత, గదిలో దీపం తగ్గించి, పొడవైన పట్టకారుతో ఎరను గూటి వాకిట నెమ్మదిగా కదల్చాలి. పాము మూతికి తాకించరాదు. ఐదు, పది నిమిషాలలో అందుకొనకపోతే ఎరను గూటి ముందు ఉంచి, పెట్టెను గుడ్డతో కప్పి, తెల్లవారేవరకు విడిచిపెట్టవచ్చు. ఉదయానికి తినకుంటే తీసి పారవేయాలి.

అప్పటికీ తినకపోతే వాసన మార్చి చూడవచ్చు. తెల్ల ఎలుకకు బదులు చుంచెలుక, చుంచెలుకకు బదులు పందికొక్కు జాతి పిల్ల అన్నట్లుగా ఒక్కొక్కటే మార్చాలి. కోడిపిల్ల నూగును ఎరకు రుద్ది ఇవ్వడం కూడా పెంపకందారులు వాడే ఉపాయమే. ఒకేసారి అన్నీ మార్చితే ఏది ఫలించిందో తెలియదు. ఒక ప్రయత్నానికి, మరొక ప్రయత్నానికి నడుమ వారం, పది దినాల వ్యవధి ఉండాలి. ప్రతిదినం ఎరను చూపడం పామును ఇంకా బెదరగొట్టడమే.

బ్రతికున్న ఎలుకను పెట్టెలో వదలి నిద్రపోవడం ఎన్నటికీ తగదు. ఆకలి లేని పామును ఎలుకే కొరికి పుండ్లు చేసిన సందర్భాలు పశువైద్యులకు సుపరిచితం.

తిన్న పిమ్మట రెండు దినాలు పామును చేతిలోకి తీసుకొనరాదు. తిన్నది కక్కివేస్తే రెండు వారాలు కడుపుకు విశ్రాంతినిచ్చి, మునుపటికంటె చిన్న ఎరతో తిరిగి ప్రారంభించాలి.

పుస్తకం, తక్కెడ

పాము తిననప్పుడు ఇంటివారికి కలిగే భయానికి మంచి మందు ఒక తక్కెడ. వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ చాలు. వారానికి ఒకసారి తూచి, తేది, బరువు, పెట్టిన ఎర, కుబుసం విడిచిన దినం ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. రెండు నెలలు తినకపోయినా బరువు తగ్గని పెద్ద పాముకు ప్రమాదం లేదు. బరువు పదవ వంతు తగ్గితే సరీసృపాలు తెలిసిన పశువైద్యునికి చూపాలి. పిల్లపాములకు నిలువ కొవ్వు తక్కువ గనుక వాటి విషయంలో నెల దాటనివ్వరాదు.

నోటి నుండి జిగురు, చిగుళ్ళపై చీము, ఊపిరిలో గురక, నోరు తెరచి శ్వాసించడం, పొలుసుల నడుమ నల్లని పురుగులు, వెన్నెముక తేలడం కనబడితే బరువు చూస్తూ కూర్చొనరాదు. అవి వ్యాధి లక్షణాలు. అట్టి పామును తినిపించే ప్రయత్నం మాని చికిత్స చేయించాలి. నోరు తెరచి బలవంతంగా ఎరను కూరడం వైద్యుని చేతి పని. తెలియనివారు చేస్తే దవడ, గొంతు గాయపడతాయి.

ఏ పాముకు ఏ ఆహారం

ఒక్కొక్కసారి లోపం వేడిలో కాదు, ఎరను ఎంచుకోవడంలోనే ఉంటుంది. మన పాములనే చూడండి. జెర్రిపోతు ఎలుకలను, కప్పలను తింటుంది. దీనినే కన్నడిగులు కేరె హావు అని, తమిళులు సారై పాంబు అని, మరాఠీలు ధామణ్ అని అంటారు. నీరుకట్టెకు చేపలు, కప్పలు కావాలి. వానపామువలె కనబడే గుడ్డిపాము చీమల, చెదల గుడ్లను, పిల్లలను తింటుంది. గిరినాగు ముఖ్యాహారం ఇతర పాములే. పడమటి కనుమలలోని గిరినాగును 2024లో శాస్త్రజ్ఞులు వేరు జాతిగా గుర్తించి, కన్నడిగులు పిలిచే కాళింగ అన్న పేరునే దానికి ఉంచారు. గిరినాగు ముందు ఎలుకను పెట్టి, తినలేదని వగచి ప్రయోజనం లేదు. జంతు ప్రదర్శనశాలలలో ఎలుకకు పాము వాసన పట్టించి అలవాటు చేసిన ఉదాహరణలు ఉన్నాయి.

పాలు ఏ పాముకూ ఆహారం కాదు. పాము పాలిచ్చే జంతువు కాదు. పాలను జీర్ణించుకొనే శక్తి దానికి లేదు. పండుగనాడు బుట్టలోని పాము పాలు త్రాగినట్లు కనబడితే అది దినాల తరబడి నీరు లేక మాడినదని తెలుసుకోవాలి. దాహంతో అది ఏ ద్రవాన్నయినా త్రాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తులలోకి పోయి మరణించే పాములు అనేకం. కోరలు పీకి, మూతి కుట్టిన పాము ఇక ఎన్నటికీ ఎర పట్టలేదు. పుట్ట వద్ద భక్తితో పోసే పాలకు, బుట్టలోని పాముకు పట్టే పాలకు ఉన్న తేడాను పెద్దలు పిల్లలకు చెప్పడం మంచిది.

మన గ్రామాలలో పట్టిన పాము

పొలంలో దొరికిన పామును డబ్బాలోనో, కుండలోనో ఉంచి, తినడం లేదని అడిగే పిల్లలకు పై ఉపాయాలేవీ చెప్పరాదు. అడవిపాము బంధనంలో తినకపోవడం దాని స్వభావం. దానికి మందు విడుదల ఒక్కటే. మన దేశపు పాములను పట్టడం, ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రెండు తలల పాము లక్షలు పలుకుతుందన్న భ్రమతో దానిని పెట్టెలలో దాచేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. దానికి రెండవ తల లేదు, ఉన్నది మొద్దు తోక. డబ్బు రాదు, కేసు వస్తుంది. పాము మాత్రం ఆకలితో చస్తుంది.

విదేశీ జాతులకు కూడా నియమాలు ఉన్నాయి. బాల్ పైథాన్ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్నది. 2024లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన నియమాల ప్రకారం, అట్టి జంతువులను కలిగినవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. విదేశాలలోని పిల్లలు సెలవులకు వస్తూ పామును వెంట తేవడం ఆలోచించదగిన పని కాదు.

చట్టం కంటె ముందుగా ప్రాణాపాయం ఉన్నది. రక్తపింజర పిల్లను కొండచిలువ పిల్ల అనుకొని చేత పట్టి కాటుకు గురి కావడం అరుదైన పొరపాటు కాదు. రెండింటి ఒంటిపై మచ్చలు దూరాన ఒకేలా కనబడతాయి. కాటు పడితే కట్టు బిగించక, గాటు పెట్టక, మంత్రగాని కొరకు వేచి ఉండక, 108కు ఫోను చేసి విషవిరుగుడు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. పాము ఇంట దూరితే దూరంగా నిలిచి, దానిపై కన్ను వేసి ఉంచి, అటవీశాఖ వారికి తెలియజేయాలి.

పెంపుడు పాము ఉన్న ఇంట ఆరోగ్య నియమం కూడా ఒకటి మరువరాదు. సరీసృపాల ఒంటిపై సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉంటాయి. పామును, ఎలుకను తాకిన చేతులను సబ్బుతో కడగాలి. ఐదేండ్ల లోపు పిల్లలను పెట్టెకు దూరంగా ఉంచాలి. ఎలుకలను కరగబెట్టే గిన్నె వంటగిన్నెలతో కలవరాదు.

కడపటి మాట. దూరదేశంలోని మనుమడో, మనుమరాలో ఫోనులో పాము తినడం లేదని దిగులుపడితే, పాలు పట్టమని చెప్పకండి. వేడి ఎంత ఉన్నది, దాగే చోటు ఉన్నదా, బరువు ఎంత తూగింది, కన్నులు మసకబారినవా అని అడగండి. ఈ నాలుగింటికి జవాబు వెదకేలోగా చాలా పాములు తామే నోరు తెరుస్తాయి.