చిత్తూరు పడమటి ప్రాంతంలో తమిళ కుటుంబాలు: మూడు తరాల భాష

ఒక ప్రాంతంలో అల్పసంఖ్యాక భాష మాట్లాడేవారు కనిపిస్తే, వారు ఎక్కడినుంచో వలస వచ్చారని అనుకోవడం సహజం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తమిళ కుటుంబాలను పరిశీలించేటప్పుడు ఈ ఊహను కాస్త పక్కన పెట్టాలి. ఉద్యోగం కోసమో వ్యాపారం కోసమో వచ్చిన వారు ఉన్నారు. కాని కుప్పం వైపు చాలా కుటుంబాలు తమ ఊళ్ళలోనే ఉండగా వాటి చుట్టూ జిల్లాలు, రాష్ట్రాలు మారాయి.

కంగుంది జమీందారీలోని కుప్పం, జమీందారీ కేంద్రమైన పుంగనూరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. అయినా అంతా మద్రాసు రాజధాని కిందే ఉన్నందువల్ల తమిళం తెలిసిన గుమాస్తా మదనపల్లెకూ, తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడు వేలూరుకూ బదిలీపై వెళ్ళడంలో వింత లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత పరిస్థితి మారింది. హెచ్.వి. పటాస్కర్ తీర్పును అనుసరించి, గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొని చేసిన సరిహద్దు మార్పులు 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. కుప్పం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండిపోయింది. గీత ఎక్కడ గీసినా దానికి రెండువైపులా అవతలి భాషవారు మిగిలిపోక తప్పదు.

ఇక్కడ జనాభా లెక్కల గురించి ఒక హెచ్చరిక అవసరం. చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషనే జనగణన మాతృభాషగా నమోదు చేస్తుంది. ఆ వ్యక్తి ఇప్పుడు ఇంట్లో ఏది మాట్లాడుతున్నాడో, ఏ లిపిలో సంతకం చేస్తాడో ఆ గడి చెప్పదు. అంతేకాక, జనగణన పట్టికల్లో తమిళం కింద ఎరుకుల భాషను కూడా కలిపి చూపుతారు. కాబట్టి ‘జిల్లాలో ఇంతమంది తమిళులు’ అన్న అంకెను చూసి కుప్పం రైతునూ, మదనపల్లె ఉద్యోగినీ, ఎరుకుల కుటుంబాన్నీ ఒకే సమాజంగా భావించడం పొరపాటు.

తరాల మార్పును అర్థం చేసుకోవడానికి ఒక నమూనా కుటుంబాన్ని ఊహిద్దాం. తాత 1920లలో పుట్టి తమిళంలో అక్షరాలు దిద్దాడు. ఇంటి లెక్కలు, ఉత్తరాలు తమిళంలోనే రాశాడు, సంతలో తెలుగు మాట్లాడాడు. తండ్రి రాష్ట్రం ఏర్పడిన తరువాత బడికి వెళ్ళాడు. అతని చదువు, రేషను కార్డు, పాసుపుస్తకం అన్నీ తెలుగులోనే. తమిళం ధారాళంగా మాట్లాడతాడు గాని పత్రిక చదవలేడు. మనుమరాలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతుంది. నాన్నమ్మ తమిళంలో అడిగితే తెలుగులో జవాబిస్తుంది. ‘పాటీ’, ‘పెరియప్పా’, ‘చిత్తీ’ వంటి పిలుపులు మాత్రం ఆమె నోట మిగిలి ఉంటాయి.

ఈ క్రమంలో ముందుగా పోయేది లిపి, మాట కాదు. తమిళం రాయవలసి వస్తే రెండవ తరం తెలుగు అక్షరాలను ఆశ్రయిస్తుంది. ‘తమిళం’ అన్న పేరులోని చివరి ధ్వనికి నేటి తెలుగు వర్ణమాలలో సరైన అక్షరం లేకపోవడం ఒక చిన్న విచిత్రం.

అయితే ఈ నమూనా మూడు ఊళ్ళకూ ఒకేలా వర్తించదు. కుప్పం బెంగళూరు–జోలార్‌పేట రైలు మార్గంలో ఉంది. తమిళనాడు ఊళ్ళతో సంతలు, ఆసుపత్రులు, బంధుత్వాలు తెగలేదు. వీటిలో బంధుత్వమే ముఖ్యమని నా అభిప్రాయం. మేనరికం వల్ల గాని, తెలిసిన సంబంధాల వల్ల గాని సరిహద్దు అవతలినుంచి కోడలు వచ్చిన ఇంట్లో తమిళం మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. తమిళ బడిలో చదివిన ఆమె పిల్లలకు లిపి కూడా నేర్పగలదు. మదనపల్లె, పుంగనూరులకు దగ్గర సరిహద్దు కర్ణాటకది. అక్కడి తమిళ ఇంటికి ఇటువంటి ఆసరా తక్కువ. చుట్టూ తెలుగు, పక్కనే కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ వినిపిస్తుంటే తమిళం వంటింటికి పరిమితమవుతుంది.

భాషాశాస్త్రవేత్త ప్రబోధ్ పండిత్ 1972లో ఒక ముఖ్యమైన మాట చెప్పారు. అమెరికాలో వలస కుటుంబాలు రెండు మూడు తరాల్లో తమ భాషను వదిలేయడం మామూలు. భారతదేశంలో నిలబెట్టుకోవడమే మామూలు, వదిలేస్తేనే కారణం వెతకాలి అన్నది ఆయన వాదం. కుప్పానికి ఇది బాగా సరిపోతుంది. మదనపల్లె విషయంలో మాత్రం కారణం వెతకాలి, ఆ వెతుకులాట బడి దగ్గరికి తీసుకువెళ్తుంది.

1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది: తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తంలో 40 మంది గాని ఆ భాషవారు ఉంటే ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధించాలి. 1956లో 7వ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం ఈ బాధ్యతను రాజ్యాంగంలోకి తెచ్చింది. హక్కు ఉంది, కాని అది సంఖ్యపై ఆధారపడింది. పిల్లలకు ఉద్యోగం రావాలని నలుగురు తల్లిదండ్రులు బడి మాధ్యమం మార్చితే, మార్చని వారి పిల్లలకు కూడా తరగతి దక్కకపోవచ్చు. ఒక ఇంటి ఎంపిక పక్కింటి అవకాశాన్ని తగ్గిస్తుంది. సరిహద్దు అవతల హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారి ఆవేదన కూడా ఇలాంటిదే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుంచి క్రమంగా తప్పనిసరి చేసినప్పుడు తెలుగు చదువు ఏమవుతుందని వారు అడిగారు. తమవారి విషయంలో అన్యాయంగా తోచినది, ఎదుటివారి విషయంలో సహజ పరిణామంగా తోచడం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

చరిత్ర విద్యార్థికి ఇందులో మరొక నష్టం కూడా కనిపించాలి. తాత రాసిన తమిళ పత్రాలు, అప్పు కాగితాలు, గుడి మాన్యం లెక్కలు పెట్టెలోనే ఉంటాయి. తమిళం మాట్లాడే మనుమడే వాటిని చదవలేడు. చదవలేని కాగితాన్ని ఇల్లు మారేటప్పుడు పారవేయడం తేలిక. క్షేత్రకార్యం చేసేవారు ముందుగా పెద్దవారి చేత ఆ కాగితాలు చదివించి నమోదు చేసుకోవాలి. తరువాత ఆ ఇంటి పెళ్ళి పత్రికలను తేదీల వారీగా పేర్చండి: ఏ సంవత్సరం వరకు తమిళం ఒక్కటే ఉంది, ఎప్పుడు తెలుగు పక్కన చేరింది, ఎప్పుడు ఇంగ్లీషు మొదటి పేజీకి వచ్చింది, ఆ పెళ్ళికూతురు ఏ ఊరి నుంచి వచ్చింది.