చేతిలో పట్టేంత వెలుతురు

మా తాతయ్య మూడు సెల్లుల లైటుకి ఒక మీట, దాని పక్కనే ఒక ఎర్ర బొత్తాం ఉండేవి. మీట ముందుకి జరిపితే లైటు వెలుగుతూనే ఉండేది. బొత్తామైతే నొక్కినంతసేపే. అర్ధరాత్రి కరెంటొచ్చిందని మోటారు వేయడానికి బయల్దేరితే ఆయన బొటనవేలు బొత్తాం మీదే ఉండేది. గట్టు మీద నాలుగడుగులకోసారి నొక్కి, పురుగూ పుట్రా లేదని చూసుకుని వదిలేసేవాడు. సెల్లులు ఆదా చేస్తున్నాడనుకునేవాణ్ని. బ్యాటరీ లైటు పుట్టిందే అలా నొక్కి వదలడానికని చాలా ఏళ్లకు చదివాను.

అంతకుముందు బ్యాటరీ అంటే గాజు సీసాలో ద్రవం. వంచితే ఒలికిపోయేది. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ ద్రవాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ముద్దచేసి జింకు డబ్బాలో మూసేశాడు. వెలుగు చేతికొచ్చే దారి పడింది అప్పుడే. 1899 జనవరి 10న డేవిడ్ మిసెల్ అనే ఇంగ్లిష్ వాడికి అమెరికాలో పేటెంటు దక్కింది: కాగితపు గొట్టంలో వరసగా సెల్లులు, కొసన బల్బు, దాని వెనక ఇత్తడి రేకు. రష్యా నుంచి వలసవెళ్లిన కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ వాటిని తయారుచేసి న్యూయార్కు పోలీసులకు కొన్ని ఇచ్చింది. బల్బులోని కార్బన్ తీగ కరెంటు తాగేసేది, సెల్లు కాసేపటికే నీరసించేది. మెరిసి ఆగడమే దాని పని, అందుకే అమెరికాలో దానికి ఫ్లాష్‌లైట్ అని పేరు పడింది. టంగ్‌స్టన్ తీగ వచ్చాకే నిలకడ వచ్చింది.

మనకు ఎవరెడీ పేరే సెల్లు పేరైపోయింది. వాటిని చేసిన యూనియన్ కార్బైడ్ ఇండియాదే 1984లో భోపాల్‌ని విషవాయువుతో ముంచిన కర్మాగారం కూడా. సెల్లుల వ్యాపారం 1994లో చేతులు మారింది. ఈ మాట చెప్పకుండా ఆ ఎర్ర సెల్లు జ్ఞాపకాన్ని ముద్దు చేయడం నాకిష్టం లేదు.

సెల్లు డిమ్మయితే ఎండలో పెట్టేవాళ్లం. వేడికి కాస్త ప్రాణం లేచి ఇంకో రెండు రాత్రులు నడిచేది. మరిచిపోయి లైటులోనే వదిలేస్తే తెల్లటి పొక్కు కట్టి స్ప్రింగు తుప్పుపట్టేది. సెల్లుకి ఒంటిమీది జింకు డబ్బాయే ఆహారం మరి, అది కరిగి చిల్లుపడితే లోపలి ముద్ద బయటికొస్తుంది.

1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. ఆ దశాబ్దంలోనే జపానులో నీలం ఎల్‌ఈడీ కుదిరి, దానిమీద పసుపు పూతతో తెల్లని వెలుగొచ్చింది. ఆ రెండూ కలిసే ఇవాళ డాబా మీద, వాకిట్లో తీగ లేకుండా వెలిగే దీపాలయ్యాయి.

కొనేటప్పుడు అందరూ వెలుగు ఎంతో చెప్పే ల్యూమెన్లు చూస్తారు. నేను ముందు రంగు చూస్తాను. 2700 కెల్విన్ దగ్గరి పసుపు వెలుగు కంటికి హాయి. తొలకరికి ఉసిళ్లు తెల్లదీపానికి ముసిరినంతగా దీనికి ముసరవు. తర్వాత బ్యాటరీ లెక్క. 4000 ఎంఏహెచ్, 3.7 వోల్టులంటే సుమారు 15 వాట్-అవర్లు. ఒకటిన్నర వాట్ల దీపం కాగితం మీద పది గంటలు, నష్టాలు పోను ఎనిమిది నడిస్తే మంచిదే. నీటిని తట్టుకునే రేటింగైతే, చినుకులకు ఐపీ44 చాలు, వానలోనే వదిలేసేవాళ్లు ఐపీ65 తీసుకోవాలి. బ్యాటరీ విడిగా మార్చుకునే వీలుంటే మరో వంద పెట్టినా నష్టం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం డాబా మీద వదలకండి. పాత సెల్లుకి మేలుచేసిన ఎండే లిథియంకి చేటు.

మొన్న కరెంటు పోయిన రాత్రి డాబా మీద మంచాలు వేసుకున్నాం. కొత్త దీపం పిట్టగోడ మీద పెడితే అందరి కళ్లలోనూ పడింది. అమ్మ లేచి దాన్ని మంచం కిందికి తోసింది. చెప్పులూ నీళ్ల చెంబూ కనిపించేంత వెలుగు నేలమీద పరుచుకుంది, పైన సప్తర్షులు స్పష్టంగా కనిపించాయి.