జిల్లా పేజీలో ఆగిపోయిన ఉద్యమం

సారా వ్యతిరేక ఉద్యమం అంటే దూబగుంట. నెల్లూరు జిల్లా, 1992, వర్ధినేని రోశమ్మ. 1991లో అక్షరదీపం పేరుతో మొదలైన సాక్షరతా కార్యక్రమం, వాచకంలో ‘సీతమ్మ కథ’, అది చదివిన ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించడం, వేలంపాటలు జరక్కుండా అడ్డుకోవడం. తెలుగునాట స్త్రీల ఉద్యమాల గురించి కాస్తో కూస్తో చదివినవాళ్ళెవరైనా ఈ వరస చెప్పేస్తారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు కూడా పుస్తకాలకెక్కాయి.

ఉద్యమం నెల్లూరు దాటి చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాలకు పాకిందని కూడా ఆ పుస్తకాలే చెబుతాయి. ఒక్క వాక్యంలో. మాది ప్రొద్దుటూరు. ఆ వాక్యంలో రెండు కామాల మధ్య ఇరుక్కున్న ‘కడప’ అనే మాట నన్ను చాలా రోజులుగా వదలడం లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనే మూడు పేర్లకు ‘సారా’ జోడించి తెలుగులో, ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా వెతికినా నాకు తేలినవి నాటుసారా దాడుల వార్తలు, ఎన్నికలప్పుడు పట్టుబడిన మద్యం వార్తలే.

నేను డేటాబేసులతో బతికేవాణ్ణి. ఒక రికార్డు దొరకలేదంటే, దాన్ని ఎవరూ ఎక్కించలేదేమో, వేరే పేరుతో ఎక్కించారేమో అని ముందు అనుమానించాలి. అది మా వృత్తిధర్మం. ఇక్కడ రెండూ జరిగాయి.

ఎక్కించకపోవడం సంగతి ముందు చూద్దాం. 1980ల చివరి నుంచి ‘ఈనాడు’ జిల్లాకో టాబ్లాయిడ్ వేయసాగింది. ఉద్యమకాలంలో ‘సారాపై సమరం’ పేరుతో ప్రత్యేకంగా పేజీ కూడా నడిపింది. జమ్మలమడుగు పక్క పల్లెలో ఆడవాళ్ళు అంగడి ముందు బైఠాయిస్తే ఆ వార్తకు చోటు దొరికేది కడప టాబ్లాయిడ్‌లోనే. హైదరాబాదులో కూర్చుని చరిత్ర రాసేవాళ్ళకు ఆ కాగితం చేరదు. పక్కనున్న నెల్లూరుకూ చేరదు. లైబ్రరీలు మెయిన్ పేపర్ని బైండు చేయించి దాచాయి. టాబ్లాయిడు చాలావరకు బుడ్డల పొట్లమైంది. ఏ ఊరి ఉద్యమం రాష్ట్ర చరిత్ర అవుతుంది, ఏది జిల్లా వార్తగా మిగిలిపోతుంది అన్నది కొంతవరకు పేపర్ పంపిణీ లారీలు తేల్చేశాయి.

రెండో కారణం ఇంకా బరువైంది. రాయలసీమ ముఠాకక్షల గురించి బాలగోపాల్ రాసింది చదివినవాళ్ళకు తెలుసు, ఇక్కడ ఊరి పెత్తనానికీ, కాంట్రాక్టులకూ ఉన్న సంబంధం ఏమిటో. గనులు, సివిల్ పనులు, వాటితోపాటు సారా. అంటే ప్యాకెట్ సారా అమ్మే అంగణ్ణి మూయించడమంటే ప్రభుత్వ ఆదాయంతోనే కాదు, ఊరి నాయకుడితో కూడా తలపడటం. దూబగుంటలో ఒక స్త్రీ పేరు పేపర్లో రావడం గౌరవమైంది. ఇటు పక్క అదే పేరు ఇంటిమీదికి తెచ్చుకునే ప్రమాదం. జమ్మలమడుగు దగ్గర పల్లెలో మా అత్త ఒకామె ఉంది. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టిన కత ఎంతసేపైనా చెబుతుంది. ఎవరెవరున్నారత్తా అంటే మాత్రం, “పేర్లు ఏంటికి లేబ్బీ” అని మాట మారుస్తుంది.

ఇలాంటి మౌనాన్ని ఎలా వినాలో తెలుగులోనే ఒక దారి ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళు చెప్పింది టేపుల్లో రికార్డు చేసి, వాళ్ళ మాటతీరులోనే అచ్చేసిన పుస్తకం. పార్టీ చరిత్రల్లో అన్నంపెట్టిన తల్లులుగా, కొరియర్లుగా మిగిలినవాళ్ళు అందులో మనుషులుగా కనబడతారు. నన్ను ఆపేది ఒక లెక్క. పోరాటం ఆగింది 1951లో, పుస్తకం వచ్చింది 1986లో. ముప్పై అయిదేళ్ళు. 1992కు ముప్పై అయిదు కలిపితే 2027. అప్పుడు అంగళ్ళ ముందు కూర్చున్నవాళ్ళలో ముప్పైల్లో ఉన్నవాళ్ళే ఇప్పుడు అరవైలు దాటారు.

పాత కాగితాలు వెతికితే ఏమొస్తుంది అనేవాళ్ళకు ఒక్క ఉదాహరణ చాలు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’లో అచ్చయింది. ఆ సంచిక బయటికొచ్చాక, 1910 నాటి ‘దిద్దుబాటు’ తెలుగులో తొలి కథ అని బడిలో చెప్పుకున్న పాఠం కదిలిపోయింది.

నాకు ఆశ్చర్యం కలిగించేది, 1902 కాగితం కంటే 1992 కాగితం పరిస్థితి అధ్వాన్నంగా ఉండటం. ‘భూమిక’ పత్రిక, ‘నీలి మేఘాలు’ సంకలనం రెండూ వచ్చిన 1993 ప్రాంతం తెలుగులో డీటీపీ కాలం. అప్పటి కరపత్రాలూ చిన్న పత్రికలూ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చినవి. ఒకవేళ ఎవరి దగ్గరైనా ఆ ఫైలు బతికున్నా, ఇవాళ తెరిస్తే తెలుగు కనబడదు, చిందరవందర గుర్తులు కనబడతాయి. సెర్చ్‌కి అది భాషే కాదు. కన్వర్టర్లున్నాయి గానీ, ఒత్తుల దగ్గర తడబడతాయి. చివరికి కంటితో చదివి దిద్దాల్సిందే.

వేరే పేరుతో ఎక్కించడం అన్నాను కదా. మా జిల్లా 2005 దాకా ఇంగ్లీషులో ‘కడ్డపా’, తర్వాత ‘కడప’, 2010 నుంచి 2025 దాకా వైయస్సార్ జిల్లా. మా ఊరు రాతలో ప్రొద్దుటూరు, నోట్లో పొద్దుటూరు, రోమన్ లిపిలో మూడు నాలుగు రకాలు. ఈ పేర్లన్నీ ఒకే చోటని చెప్పే పట్టిక లేకుండా స్కాన్లు ఎన్ని గుట్టపోసినా లాభం లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాల పేర్లు రోమన్‌లో ఇష్టమొచ్చినట్టు కొట్టి ఉండేవి, వెతికినవాళ్ళకు ఆ బాధ తెలుసు. ఆ సైటు మూతపడ్డాక అవి మనకింకా దొరుకుతున్నాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీ అయి ఉండబట్టే.

డబ్బూ సంస్థా ఉన్నచోటా భద్రత లేదు. బ్రిటన్ స్త్రీవాద పత్రిక ‘స్పేర్ రిబ్’ సంచికలన్నీ (1972-93) బ్రిటిష్ లైబ్రరీ 2015లో ఆన్‌లైన్‌లో పెట్టింది. హక్కుదారులెవరో తెలియని రచనలకు యూరోపియన్ చట్టంలో ఉన్న మినహాయింపు బ్రెగ్జిట్‌తో పోవడంతో వాటిని తీసేయాల్సొచ్చింది. మన కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత పేరు లేకుండా 1992లో అచ్చయిన కరపత్రానికి 2052 చివరిదాకా హక్కులుంటాయి. ఎవరిని అడగాలి? పేరు వేసుకోకపోవడమే ఆ కరపత్రం రాసినవాళ్ళకు రక్షణ.

కడపకు ఆర్కైవు కొత్త కాదు. తెలుగు మొదట రాతికెక్కిన కలమళ్ళ మాకు పక్కనే. మెకంజీ మనుషులు ఊరూరా రాయించిన కైఫీయత్తులు, సి.పి.బ్రౌన్ సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి రాయించిన ప్రతులు, ఆయన పేరుతో ఇప్పుడు యోగివేమన విశ్వవిద్యాలయం కింద ఉన్న పరిశోధన కేంద్రం. కానీ కైఫీయత్తులకు చెప్పినవాళ్ళు కరణాలు. చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికిచ్చారు అన్నది వాళ్ళ చరిత్ర. ఈసారి చెప్పాల్సినవాళ్ళు వేరు.

వాళ్ళ మాటకు యంత్రాలింకా సిద్ధంగా లేవు. మా అత్త ఒప్పుకున్నాక ఆమె రికార్డింగును మాటను రాతగా మార్చే ఒక సాఫ్ట్‌వేర్‌కిస్తే, ‘లేబ్బీ’ని ‘డబ్బు’ అని రాసింది. ‘ఏంటికి’ని ‘ఎందుకు’గా దిద్దింది. మొదటిదానికి నవ్వుకోవచ్చు. రెండోది ప్రమాదం, ఎందుకంటే తప్పు చేసినట్టు కనబడదు.

ప్రస్తుతానికి నా దగ్గరున్నవి చేతివేళ్ళమీద లెక్కపెట్టేన్ని రికార్డింగులు, ఒక స్ప్రెడ్‌షీటు. ఊరు, సంవత్సరం, ఎవరు చెప్పారు, పేరు వేయొచ్చా. ఈ ఆఖరి గడిలో ‘అవును’, ‘వద్దు’ చాలవని త్వరగానే తెలిసింది. ‘నేను పోయాక వేసుకో’ అని కూడా పెట్టాల్సొచ్చింది. ప్రొద్దుటూరు టౌన్లో మాట్లాడినవాళ్ళు దాదాపు అందరూ సరే అన్నారు. జమ్మలమడుగు వైపు సగం సగం. పులివెందుల వైపు ఒకామె గంటసేపు చెప్పి, పేరు వద్దంది, ఊరి పేరూ వద్దంది. గొంతు మాత్రం ఉంచుకోమంది.