ఇంటి వద్ద గొట్టపు ఆహారం: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్

మింగలేని రోగికి ముక్కులోంచి గానీ, పొట్టకు పెట్టిన చిన్న రంధ్రం లోంచి గానీ గొట్టం వేసి ఇంట్లోనే ద్రవాహారం పోసే పద్ధతి ఇది. పక్షవాతం, తలకు దెబ్బ, నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, యాసిడ్ తాగడంతో కాలిపోయిన అన్నవాహిక, ముదిరిన మతిమరుపు జబ్బు ఇందుకు ముఖ్య కారణాలు.

పద్ధతి పాతదే. 1790లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్, మింగుడుపడని ఒక రోగికి తిమింగలం ఎముక పుల్ల మీద ఈల్ చేప తోలు తొడిగి, దాని గుండా గుడ్ల సొన, పాలు, చక్కెర పోయించాడు. మన ఆసుపత్రుల్లో అందరి నోటా వినిపించే ‘రైల్స్ ట్యూబ్’ బ్రిటిష్ వైద్యుడు జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ పేరు మీద వచ్చింది. 1921లో ఆయన దాన్ని రూపొందించింది ఆహారం పోయడానికి కాదు, జీర్ణరసాలను బయటికి తీసి పరీక్షించడానికి. పొట్ట కోయకుండా ఎండోస్కోపీతో గొట్టం అమర్చే ‘పెగ్’ను 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకేల్ గాడరర్, జెఫ్రీ పాన్‌స్కీ మొదలుపెట్టారు. వాళ్ల తొలి రోగి నెలల పసిపాప.

విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు హైదరాబాద్ నగరంలోకి వచ్చేది ఎల్బీనగర్ మీదుగానే. అందుకే నల్లగొండ, సూర్యాపేట వైపు రోగులకు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రులే మొదటి మజిలీ. డిశ్చార్జి కాగితం మీద ‘రెండు గంటలకోసారి 200 మి.లీ. ఆర్‌టీ ఫీడ్’ (ఆర్‌టీ అంటే రైల్స్ ట్యూబ్) అని ఒక్క ముక్క ఉంటుంది. తల 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, పోసే ముందూ తర్వాతా గొట్టాన్ని నీళ్లతో కడగడం, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను నూరకూడదన్న సంగతి నర్సమ్మ నోటిమాటగా చెబితేనే తెలుస్తాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో రావడంతో లక్డీకాపూల్‌లో దిగి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, పంజాగుట్టలో దిగి నిమ్స్‌కు రిపోర్టులు పట్టుకుని వెళ్లడం ఇంటివాళ్లకు సులువైంది. మంచం పట్టిన మనిషిని తరలించాలంటే మాత్రం ఇప్పటికీ అంబులెన్సే దిక్కు. ఇక గొట్టం సంగతి: మామూలు ప్లాస్టిక్ ముక్కు గొట్టాన్ని తరచూ మార్చాలి. సిలికాన్‌దైతే వారాల తరబడి ఉంటుంది.

వైద్యుడి ఇష్టానికీ ఇంటివాళ్ల ఇష్టానికీ తేడా వచ్చేది ముక్కు గొట్టమా, పెగ్గా అన్న దగ్గరే. నాలుగు నుంచి ఆరు వారాలకు మించి అవసరమైతే పెగ్ మేలని యూరప్ పోషకాహార వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. ముక్కు ఒరుసుకుపోదు, గొట్టం ఊరికే ఊడిరాదు. అయితే పక్షవాతం వచ్చిన తొలి వారాల్లో పెగ్ తొందరపడి వేస్తే లాభం లేదని 2005లో వెలువడిన ‘ఫుడ్’ పరిశోధన తేల్చింది. అందుకే నరాల డాక్టరు ఆగుదామంటాడు, జీర్ణకోశ డాక్టరు వేసేద్దామంటాడు. ఇంటివాళ్ల లెక్క వేరు. ముక్కు గొట్టం తాత్కాలికం, ఎప్పుడైనా తీసేయొచ్చు. పొట్టకు రంధ్రం పెట్టారంటే ఇక లేవడేమోనని వాళ్ల భయం. నిజానికి పెగ్ కూడా తీసేయదగ్గదే. ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేసే వైద్యులు కుటుంబాన్ని ఒప్పించలేకపోతారు. ఇక రోగికి కావలసింది చాలాసార్లు ఈ రెండూ కాదు, నాలుక మీద ఇంత ఊరగాయ రుచి. గొట్టం పీకేసుకోకుండా చేతులు కట్టేయడమూ ఉంది. గొట్టం పీకేయబోవడాన్ని రోగి అభిప్రాయంగా ఎవరూ రాసుకోరు. పక్షవాతం రోగుల్లో చాలామందికి కొన్ని వారాల్లో మింగడం తిరిగి వస్తుంది. మళ్లీ పరీక్షించేవారు లేకపోతే గొట్టం అవసరం తీరాక కూడా అలాగే ఉండిపోతుంది.

ఏం పోయాలన్నది మరో తగాదా. డైటీషియన్లు డబ్బా పొడులు రాస్తారు: కేలరీల లెక్క తెలుస్తుంది, గొట్టం మూసుకుపోదు. వంటింట్లో మాత్రం రాగిజావ, పప్పుకట్టు, పాలు, పల్చటి మజ్జిగ, గుడ్డు తినే ఇళ్లలో ఉడికిన తెల్లసొన. ఖర్చు ఒక కారణం. తమ చేతి తిండి పెడుతున్నామన్న తృప్తి అంతకంటే పెద్దది. రాగిజావ చల్లారితే చిక్కబడి గొట్టంలో పేరుకుంటుంది కాబట్టి పల్చగా కాచి, గుడ్డలో వడకట్టి పోయాలి. మిక్సీ పట్టిన ఆహారంలో సూక్ష్మక్రిములు ఎక్కువగా ఉంటున్నాయని ఫిలిప్పీన్స్ ఆసుపత్రుల మీద 2001లో వెలువడిన అధ్యయనం చూపింది. అప్పటికప్పుడు చేసి పోయాలనడం అందుకే. విచిత్రమేమంటే అమెరికాలో గొట్టపు ఆహారం తీసుకునేవాళ్లలో కొందరు ఇప్పుడు డబ్బాలు వదిలి ఇంటి వంట వైపే మళ్లుతున్నారు.

ముదిరిన మతిమరుపులో గొట్టం ఆయుష్షు పెంచుతుందనడానికి, ఊపిరితిత్తుల్లోకి ఆహారం జారకుండా ఆపుతుందనడానికి ఆధారాలు లేవని 1999లో వైద్యుడు ఫినుకేన్ బృందం రాసింది. 2014లో అమెరికా వృద్ధుల వైద్య సంఘం, అలాంటివారికి గొట్టం బదులు చేత్తో ఓపికగా తినిపించమని సూచించింది. ‘ఆకలితో మాడ్చేశాం’ అన్న మాట బంధువుల నోట పడుతుందేమోనన్న జంకుతో మన ఇళ్లలో ఈ సలహా అంత తేలిగ్గా మింగుడుపడదు.

ఏ చికిత్సలు వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలంది. అయినా అలాంటి కాగితం ఉన్న ఇళ్లు అరుదు. గొట్టం వేయాలా వద్దా అన్నది ఎక్కువగా ఐసీయూ బయట పెద్దకొడుకో అల్లుడో పెట్టే సంతకంతో తేలుతుంది.